ఎడమ మణికట్టు మీద రెండు వేళ్ళు

మా నాన్న లెక్కల మాస్టారు. దయ్యాన్ని చూశామని ఎవరైనా చెప్తే భయపడేవాడు కాదు, నవ్వేవాడూ కాదు. "ఎంత ఎత్తుంది?" అని అడిగేవాడు. చెప్పినవాళ్ళు నీళ్ళు నమిలేవాళ్ళు. ఆ ఇంట్లో పెరిగిన నాకు దయ్యాలంటే భయం లేదు, భక్తి లేదు, వాటి గురించి మాట్లాడే ఓపిక కూడా లేదు.

పైగా నేను పనిచేసింది సినిమాల్లో. ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఏ షూటింగ్ ఫ్లోరు గురించి అడిగినా, అక్కడ ఒక ఆడమనిషి తెల్లచీరలో తిరుగుతుందని చెప్పేవారు. అన్ని తెల్లచీరలు ఎవరు ఉతికేవారో నాకు తెలీదు. కాబట్టి ఇది చదివి ఈవిడకు చాదస్తం అనుకోకండి. తెలిసినచోట తెలుసని, తెలియనిచోట తెలియదని రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మేం యూసుఫ్‌గూడలో రెండు గదుల కిరాయి పోర్షన్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనది బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. నేను సినిమా పాటల్లో కోరస్ పాడేదాన్ని. పాటలో హీరోయిన్ గొంతు వెనక "ఊ" అనీ "ఆ" అనీ వినబడుతుంటుందే, ఆ గుంపులో ఒక గొంతు నాది. క్యాసెట్ అట్ట మీద మా పేర్లుండవు. పెళ్ళిళ్ళ సీజన్లో మాత్రం జూబ్లీ హిల్స్‌లో పెద్దవాళ్ళ ఇళ్ళ లాన్లలో రిసెప్షన్లకి ఆర్కెస్ట్రాతో పాడేవాళ్ళం. అప్పుడు నాలుగు ముఖాలు మమ్మల్ని చూసేవి.

మా పనిలో ఒక చిన్న కిటుకుంది. అది చెప్పకపోతే మిగతా సంగతి అర్థం కాదు.

వెనకాల వచ్చే ఆ "ఊ" ఒక్కోసారి ఎంతకీ తెగకుండా సాగాలి. అంత ఊపిరి ఎవరికీ ఉండదు. అందుకని పక్కపక్కన నిలబడ్డ ఇద్దరం వంతులు వేసుకుని పీల్చుకుంటాం. ఒకరు పీల్చుకునేటప్పుడు రెండోవాళ్ళు ఆపకూడదు. ఇద్దరూ ఒకేసారి పీల్చారా, పాటకి అక్కడ చిల్లు పడినట్టే. నోటితో చెప్పుకోవడానికి లేదు, మైకు పట్టేస్తుంది. గాజులు చప్పుడు చేస్తాయని అవి కూడా తీసి హ్యాండ్‌బ్యాగుల్లో వేసుకునే నిలబడేవాళ్ళం.

నా ఎడమ పక్కన ఏడేళ్ళు నిలబడింది సుగుణక్క. హైదరాబాదులోనే పుట్టి పెరిగిన మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. నా ఎడమ మణికట్టు లోపలివైపు రెండు వేళ్ళు కలిపి తట్టేది. ఒకసారి తడితే "ఆగు, నేను పీల్చుకుంటున్నా" అని. రెండుసార్లు తడితే "ఇప్పుడు నువ్వు" అని. టేకు ఓకే అయ్యాక మూడుసార్లు తట్టేది. అంటే "అయిపోయింది, ఇంటికి పోదాం" అని. ఈ సైగలు మా ఇద్దరివే. మిగతా జంటల్లో ఒకరు కాలు తొక్కేవారు, ఇంకొకరు మోచేత్తో పొడిచేవారు.

కొత్తలో నేను గుండెల నిండా ఒకేసారి పీల్చి, సగంలోనే చేతులెత్తేసేదాన్ని. "ఏందే రాజ్యం, గంత ఊపిరి ఒక్కసారే మింగుతవా? జర దాసుకో. పక్కన నేనున్న గద" అనేది సుగుణక్క. నాకు పని నేర్పింది ఆమే.

ఇప్పుడు నాకు సిగ్గనిపించే సంగతి ఒకటి రాయాలి.

ఒక శీతాకాలం సుగుణక్కకి దగ్గు పట్టుకుంది. అప్పుడే ఒక పాటకి అందరం కలిసి పాడుతున్నాం. వాద్యాలు, గొంతులు అన్నీ ఒకేసారి రికార్డు చేసే పాట. ఒకరు తప్పితే అందరూ మొదటికి రావాల్సిందే. ఆమె ఒకసారి తట్టింది. నేను పీల్చకుండా ఆగాలి. కానీ నా ధ్యాస ఎక్కడో ఉంది, నేనూ పీల్చేశాను. పాట తెగింది. లోపలి గదిలోంచి మ్యూజిక్ డైరెక్టరు, "ఎడమవైపు ఎవరమ్మా ఊపిరి తెంచింది?" అన్నారు. అందరూ దగ్గుతున్న మనిషి వైపే చూశారు. తప్పు నాదని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. నేను నోరు మూసుకున్నాను.

మరుసటి వారం నుంచి ఆమెకి పిలుపు రాలేదు. ఆమె ఆ మాట నాతో ఒక్కనాడూ ఎత్తలేదు. అదే నాకు ఇంకా బాధ.

సంక్రాంతి వెళ్ళాక ఆమెను ఆస్పత్రిలో చేర్చారు. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. నేను చూడటానికి వెళ్ళేసరికి ముఖానికి ఆక్సిజన్ మాస్కుంది, మాట్లాడే వీల్లేదు. మంచం పక్కన కూర్చుని, క్షమించమని అడగాలనుకుంటూనే నర్సులను గురించీ, కాఫీ గురించీ ఏదో వాగాను. లేవబోతుంటే నా చేయి పట్టుకుని మణికట్టు మీద మూడుసార్లు తట్టింది. ఇంటికి తీసుకుపొమ్మంటోందనుకుని, "డాక్టరు పంపించాలి కదక్కా" అన్నాను. రెండు రోజులకి పోయింది.

ఆ వేసవి సంగతే నేను చెప్పాలనుకున్నది.

నాకు ఇద్దరాడపిల్లలు. పెద్దది స్వాతికి పన్నెండేళ్ళు, చిన్నది చిట్టికి తొమ్మిది. చిట్టికి ఉబ్బసం. ఆ ఏడు సగం రోజులు బడికే వెళ్ళలేదు. పిల్లికూతల్లాంటి ఆ ఊపిరి వింటూ నేను గోడకి చేరగిలబడి కూర్చున్న రోజులు లెక్కలేవు. శ్రీనగర్ కాలనీ డాక్టరుగారు, "ఈ వేసవిలో ఈత నేర్పించండి. ఊపిరి పట్టడం, వదలడం దానికి అలవాటు కావాలి. లేకపోతే వానాకాలం కష్టమవుతుంది" అన్నారు. ఆ వానాకాలం మాట నా మనసులో మేకులా దిగింది.

జూబ్లీ హిల్స్‌లో ఒక స్కూలువాళ్ళు వేసవి క్యాంపు పెట్టారు. అక్కడే చిట్టికి ఈత, స్వాతికి బ్యాడ్మింటన్. పొద్దున్నే ఇద్దరినీ ఆటోలో తీసుకెళ్ళేదాన్ని. చుట్టూ ఇంకా బండరాళ్ళే, మధ్యలో ఆ నీలం కొలను. నేను గట్టు పక్క సిమెంటు బెంచీ మీద ఫ్లాస్కు పెట్టుకుని, సాయంత్రం రిసెప్షన్లో పాడాల్సిన పాటలు లోలోపల అనుకుంటూ కూర్చునేదాన్ని. పొద్దున పిల్లల ఆటలు, సాయంత్రం నా పాటలు. ఆ నెలన్నర మా ఇంట్లో పప్పుచారు తప్ప వేరే వంట లేదు.

రెండు వారాలైనా చిట్టి ముఖం నీళ్ళలో పెట్టలేదు. మెట్ల మీద కూర్చుని కాళ్ళాడించేది. "లోపలికెళ్తే ఊపిరి అయిపోతుందమ్మా" అనేది. స్వాతి వెక్కిరించేది, కోచ్ అరిచేవాడు, మా ఆయన మాన్పించెయ్యమనేవారు. నాకేమో డాక్టరు మాటే చెవుల్లో మోగేది.

మూడో వారంలో ఒక సోమవారం, నేను ఫ్లాస్కు మూత తీస్తుండగా చిట్టి కొలనుకి అడ్డంగా సగం దూరం ఈదింది. ముఖం నీళ్ళలో పెట్టి, వేళకి తల తిప్పి గాలి పీల్చుకుంటూ. నేను కాఫీ ఒలకబోసుకున్నాను.

బయటికొచ్చాక ఎలా వచ్చిందే అని అడిగాను. "తడుతున్నారు కదా" అంది. ఎవరని అడిగితే తెలీదంది. చెయ్యి నీళ్ళలోకి వెళ్ళినప్పుడు ఒకసారి తడితే ఊపిరి పట్టి ఆగాలట, రెండుసార్లు తడితే పీల్చుకోవాలట. ఎక్కడ తడుతున్నారంటే ఎడమ చేయి తిప్పి మణికట్టు చూపించింది.

నాకు మొదట వచ్చింది భయం కాదు, కోపం. నీళ్ళలో ఆడపిల్ల చేయి ఎవరు పట్టుకుంటున్నారని సరాసరి కోచ్ మీదికి వెళ్ళాను. పాపం, ఆయన ఈల నోట్లోంచి తీసి, "నేను నీళ్ళల్ల దిగనే దిగను మేడం, నాకు నడుం నొప్పి. గట్టు మీదనే ఉంట. రేపు మీరే నిలబడి చూడుండ్రి" అన్నాడు. క్యాంపులో ఒక ఆయమ్మ ఉండేది. ఆమె అయ్యుంటుందా అంటే చిట్టే కొట్టిపారేసింది. "ఆయమ్మకి చేతినిండా గాజులున్నాయి కదా. వీళ్ళకి గాజులు లేవు. చప్పుడే రాదు."

మర్నాడు గట్టు అంచునే నిలబడి చూశాను. ఆ తర్వాత వారం రోజులూ చూశాను. చిట్టికి రెండు చేతుల దూరంలో ఎవరూ లేరు. నీళ్ళు అడుగు దాకా తేటగా కనబడుతున్నాయి.

ఇంట్లో చెప్తే మా ఆయన, "దానికి ఆయాసం వచ్చినప్పుడు చేయి పట్టుకుని కూర్చుంటావుగా. నీకు తెలీకుండా నువ్వే తట్టి అలవాటు చేసుంటావు" అన్నారు. సబబుగానే తోచింది. సుగుణక్క మా ఇంటికి రెండుసార్లు భోజనానికి వచ్చింది కాబట్టి, అప్పుడు నేర్పిందేమో అని కూడా ఆలోచించాను. ఆ రెండుసార్లూ ఆమె ఉన్నంతసేపూ తనతో అష్టాచెమ్మా ఆడిందనీ, చిట్టి నిద్రపోతోందనీ స్వాతి చెప్పింది.

అయినా పరీక్షిద్దామని ఒక మధ్యాహ్నం చిట్టి చేయి తీసుకుని నేనే తట్టాను. "ఇలా కాదు" అంది. నా చేయి లాక్కుని, "ఇక్కడ. మెల్లగా. రెండు వేళ్ళూ కలిపి" అని తట్టి చూపించింది. ఏడేళ్ళు తగిలిన చోటే తగిలింది. నేను వంటింట్లోకి వెళ్ళి గ్లాసెడు నీళ్ళు తాగాను. దానికేమీ చెప్పలేదు. ఆ సైగల సంగతి మా ఆయనకి కూడా అప్పటికి నేను పూర్తిగా చెప్పి ఉండలేదు.

క్యాంపు చివరి రోజు తల్లిదండ్రులందరినీ పిలిచారు. షామియానా వేసి కుర్చీలు వేశారు. పిల్లలు కొలను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, పాతిక మీటర్లు, ఆగకుండా ఈదాలి. చిట్టి ఎప్పుడూ అంత దూరం వెళ్ళలేదు. ముందురోజు సాయంత్రం కొంచెం పిల్లికూతలు వినబడ్డాయి కూడా. వద్దంటే వినలేదు.

సగం దాకా బాగానే వెళ్ళింది. లోతు మొదలయ్యేచోట ఆగిపోయింది. ముఖం నీళ్ళలోనే ఉంది, కాళ్ళు ఆడటం లేదు, ఎడమ చేయి ముందుకి చాపి ఉంది. చప్పట్లు ఆగిపోయాయి. కోచ్ పొడుగు వెదురు గెడ అందుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. నాకు ఈత రాదు. నా కుడిచేతి వేళ్ళు నా ఎడమ మణికట్టు మీదున్నాయని తర్వాత గమనించాను. "అక్కా, తప్పు నాది, దాన్ని చూడు" అని పైకే అన్నానట. పక్క కుర్చీలో ఆవిడ చెప్పింది.

గెడ నీటిని తాకేలోపు చిట్టి తల పక్కకి తిరిగింది. నోరు తెరిచి గాలి పీల్చుకుంది. మళ్ళీ చేయి వేసింది. తొందరపడకుండా, ఒక్కో ఊపిరీ దాచుకుంటూ, అవతలి గట్టు పట్టుకుంది.

తువ్వాలు చుట్టి దగ్గరికి తీసుకున్నాను. పళ్ళు టకటకమంటున్నాయి గానీ ఊపిరిలో కూతలు లేవు. చెవి పెట్టి విన్నాను. అప్పుడడిగింది.

"అమ్మా, గట్టు పట్టుకున్నాక మూడుసార్లు తట్టారు. మూడెప్పుడూ తట్టలేదు. మూడంటే ఏంటి?"

అంతమంది ముందు నాకు ఏడుపొచ్చింది. ఆస్పత్రిలో నేను ఆ మూడింటికి తప్పు అర్థం తీసుకున్నానని అప్పుడు తోచింది. ఆమె తనను తీసుకుపొమ్మనలేదేమో. అయిపోయింది, నువ్వింక ఇంటికి వెళ్ళు అందేమో.

"అయిపోయింది, ఇంటికి పోదాం అని" అన్నాను.

"మరి పదమ్మా, ఆకలేస్తోంది" అంది చిట్టి.

ఆ తర్వాత దాన్ని ఎవరూ తట్టలేదు. ఆ వానాకాలం ఆయాసం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, కానీ భయపడేంతగా రాలేదు. అదంతా ఈత మహిమే అన్నారు డాక్టరుగారు. అయ్యుండొచ్చు.

క్యాంపు అయిన తర్వాతి వారం రికార్డింగుకి వెళ్ళినప్పుడు ఆ మ్యూజిక్ డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఆ రోజు ఊపిరి తెంచింది సుగుణక్క కాదు, నేనని చెప్పాను. "ఏ పాటమ్మా?" అన్నారాయన. ఆయనకి గుర్తే లేదు. అయినా చెప్పాల్సింది చెప్పాను.

మా నాన్న ఉంటే ఇదంతా విని ఎంత ఎత్తుందని అడిగేవాడు. నేను చూడలేదు నాన్నా, రెండు వేళ్ళంత అని మాత్రం తెలుసు అనేదాన్ని. దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ మూడో సైగ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పలేను. ఎంత ఆలోచించినా లెక్క తేలలేదు.

తర్వాత ఇంకా చాలా ఏళ్ళు కోరస్ పాడాను. మైకు ముందు నిలబడ్డప్పుడల్లా నా ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలేదాన్ని. కొత్తపిల్లలు ఆ చోటులోకి జరగబోతే, కుడి పక్కకి రమ్మనేదాన్ని. ఎందుకాంటీ అని అడిగితే, ఊపిరాడటానికి అనేదాన్ని.