రెండున్నర అడుగుల పరుపు

నలభై మూడో ఏట తండ్రినయ్యాను. ఆ వయసుకి మా ఊళ్లో కొందరు తాతలైపోయి, ఆ హోదాలో అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు. నేను మాత్రం హైస్కూల్లో పిల్లలకి లెక్క చెబుతూ చెబుతూ, సగంలో సుద్దముక్క గాల్లో ఆపి, కిటికీలోంచి పత్తిచేల వైపు చూసేవాణ్ణి. ఆకులు రాలిపోయిన పత్తిమోళ్ల మీద అక్కడక్కడ మిగిలిన తెల్లటి తునకలు కనపడేవి. ప్రతి తునకలోనూ మా పాప మొహం. క్లాసులో నలభై మంది పిల్లలుంటే నలభై మందీ ఆ లెక్క పూర్తవకుండానే పై తరగతికి వెళ్లిపోయారని నా అనుమానం.

పాప పొన్నూరులో పుట్టింది. అది మా ఆవిడ పుట్టిల్లు. మాది వినుకొండ వైపు ఊరు. పుట్టినప్పుడు చూసి వచ్చాక, బడీ పొలమూ కదలనివ్వక, రోజూ వీడియో కాల్ చేసేవాణ్ణి. మా ఆవిడ ఫోను ఎలా పట్టుకునేదో గానీ, మూడు నెలల్లో నేను పాపని నిండుగా చూసింది తక్కువ. ఒకరోజు చెవి, ఒకరోజు మడమ, ఒక ఆదివారం మాత్రం ఏకంగా బొడ్డు. ఆ ముక్కలన్నీ కళ్లు మూసుకుని కలుపుకుని, కలిపిన పాపని ఇంట్లో గదిగదికీ తిప్పుకునేవాణ్ణి.

మూడో నెల నిండగానే తల్లినీ పిల్లనీ మా ఇంట్లో దింపాలి. అక్కడే వచ్చింది చిక్కు. మా అత్తగారు రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ హయాంలో ఆ స్కూల్లో పావురాలు కూడా వరసలో వాలేవని చెప్పుకుంటారు. ఫోన్లో నాకు మెత్తగా చెప్పారు.

"అల్లుడు గారూ, పిల్లకి కావలసినవన్నీ అమర్చి ఉంచండి. నేనే స్వయంగా వచ్చి చూస్తాను. బాగుంటే దింపి వస్తాను. లేదంటే ఎండాకాలం పోయేదాకా ఇద్దరూ మా దగ్గరే."

ఎండాకాలం పోయేదాకా! మా పల్నాడులో ఎండాకాలం పోవడమంటే ఏమిటో తెలుసా? అది వచ్చేటప్పుడు కార్లో వస్తుంది, పోయేటప్పుడు నడిచి పోతుంది. నాలుగు నెలలు. ఈలోగా పాప పాకేస్తుంది, కూర్చుంటుంది, నా మొహం చూసి ఎవడో కొత్తాయన వచ్చాడని ఏడుస్తుంది. ఆ ఆలోచనకే నాకు అన్నం సహించలేదు. అంటే మూడోసారి వడ్డించుకోలేదు.

మా ఆవిడ మాత్రం తేల్చేసింది. "ఏమండీ, రాసుకోండి. స్నానానికి టబ్బు, దోమతెర, థర్మామీటరు, పరుపు. నాలుగే. గుడ్డలు నా దగ్గర ఉన్నాయి. పాలు నా దగ్గర ఉన్నాయి. ఆపరేషన్‌కి అయిన ఖర్చు తెలుసుగా. ఐదోది ఏది కొన్నా అందులో మిమ్మల్నే పడుకోబెడతా."

గుంటూరు వెళ్లాను. పిల్లల సామాన్ల షాపు, మూడంతస్తులు. అద్దాల తలుపు తీయగానే లోపల్నుంచి పౌడరు వాసన వేసే చల్లగాలి నన్ను ఎత్తి లోపల పెట్టింది. మేఘాల మీద నడుస్తున్నట్టే ఉంది. సీసాలు ఉడికించే యంత్రం, ఉడికినవాటిని ఆరబెట్టే చెట్టు, పాలు వెచ్చబెట్టే యంత్రం, పిల్ల ఏడిస్తే తనంతట తనే ఊగే ఉయ్యాల. షాపులో పనిచేసే అమ్మాయి ఒక్కోటీ చూపిస్తుంటే, ఇవేవీ లేకుండా నేను నలభై మూడేళ్లు ఎలా బతికానా అని నా మీద నాకే జాలేసింది.

"స్ట్రోలర్ చూడండి సార్. పాపని కూర్చోబెట్టి తోసుకెళ్లడమే. మడతపెడితే గొడుగంత అవుతుంది."

పిడి పట్టుకున్నాను. అంతే, షాపు కరిగిపోయింది. మా వీధిలో పాపని తోసుకుంటూ పోతున్నాను. రెండు పక్కలా కల్లాల్లో ఎండబెట్టిన మిరపకాయలు, కనుచూపు మేర ఎర్రటి సముద్రం. మధ్యలో మా బండి ఓడలా సాగుతోంది. కాయలు ఏరే ఆడవాళ్లు లేచి నిలబడి కొంగులు ఊపుతున్నారు. అంతలో చక్రం నల్లరేగడి నెర్రెలో దిగబడింది. ట్రాక్టర్లే దిగబడే నేలది. కల చెదిరింది. పిడి వదిలేశాను.

టబ్బూ, దోమతెరా, థర్మామీటరూ తీసుకున్నాను. ఇక పరుపు. రెండున్నర అడుగులుంది. ధర చూసి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాను, అటువైపేమైనా తక్కువుందేమోనని.

"ఇందులో ఏముందమ్మా?"

"ప్యూర్ కాటన్ సార్. మందులు కొట్టకుండా పండించింది. చాలా దూరం నుంచి వస్తుంది."

పత్తి! దూరం నుంచి! ఎకరంన్నర పత్తి వేసినవాడికి, ఆఖరి ఏరుడు పత్తి వసారాలో కుప్పపోసుకుని వచ్చినవాడికి, పత్తి దూరం నుంచి వస్తుందట! నాలో రైతు మేల్కొన్నాడు, లెక్కల మాస్టారు అతనితో చెయ్యి కలిపాడు. ఇద్దరూ కలిసి నన్ను ఆ పరుపు దగ్గర్నుంచి లాక్కొచ్చారు.

ఆ వారం రోజులు నా జీవితంలో బంగారం లాంటివి. బడి వదలగానే వసారాలో చాప వేసుకుని, ఒక్కో పత్తి తునకా విప్పి గింజ తీసేవాణ్ణి. కల్లాల మీద సాయంత్రపు ఎండ ఎర్రగా పాకుతుండేది. ఈ తునక తల కిందకి, ఇది వీపుకి, ఇది మడమకి. ఫోన్లో చూసిన మడమ గుర్తొచ్చి దానికి రెండు తునకలు ఎక్కువ వేసేవాణ్ణి. గింజ తీసిన దూది నా చుట్టూ పెరిగి పెరిగి, అందులో నేను ములిగిపోయి, ఇంటికొచ్చిన పాలాయన నన్ను కనుక్కోలేక వాకిట్లోంచి మూడుసార్లు పిలిచాడు. ఇందులో నేను పెంచి చెప్పింది ఒక్కసారే. పిలిచింది రెండుసార్లు.

దూదిని వినుకొండలో పరుపులు కుట్టే సాయిబు గారి దగ్గరికి చేర్చాలి. సంచి కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్క టిక్కీ. మిర్చి కుక్కి యార్డుకి పంపే పెద్ద గోనె సంచిని మా వైపు అలా అంటారు. పోయినేటిది. నేనేమైనా తెలివితక్కువవాణ్ణా? నాలుగుసార్లు దులిపాను. రెండు రోజులు ఎండలో వేశాను. తర్వాత తల మొత్తం సంచిలో దూర్చి, ఊపిరితిత్తులు నిండా పీల్చాను. ఏ వాసనా లేదు.

ఇక్కడ మా ఊరి ముక్కుల గురించి చెప్పాలి. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఊరి చుట్టూ మిర్చి ఎండుతుంది. ఆ రోజుల్లో మా కాకులు కళ్లు తుడుచుకుంటూ ఎగురుతాయి. దిష్టి తీయాలంటే పని పెట్టుకోనక్కర్లేదు, పిల్లని వాకిట్లో నిలబెడితే గాలే తీసేస్తుంది. అలాంటి గాలి పీల్చి పెరిగిన ముక్కుకి మిర్చి ఘాటు వాసన కిందికి రాదు. అది మామూలు గాలి. ఘాటు లేని చోటికి వెళితేనే మాకు ఏదో తేడాగా ఉంటుంది. సంచిలో మామూలు గాలే ఉందని నా ముక్కు నాకు చెప్పింది. నమ్మాను.

సాయిబు గారి దుకాణం మిర్చి గోదాము పక్కనే. ముప్పై ఏళ్లుగా అక్కడే. ఆయన ముక్కు నా ముక్కుకి పెద్దన్నయ్య.

"ఒకసారి వాసన చూడండి సాయిబు గారూ, చంటిపిల్లకి."

ఆయన గుప్పెడు దూది ముక్కుకి ఆనించుకుని కళ్లు మూసుకున్నారు. "మల్లెపువ్వు మాస్టారూ! ఏ తేడా లేదు."

ఏకడం మొదలుపెట్టారు. దూది మబ్బులా లేచింది. దుకాణమంతా తెల్లటి పొగమంచు. అందులో ఆయన ఒక నీడ, నేనొక నీడ. కాసేపటికి చూస్తే సాయిబు గారి కళ్ల వెంట నీళ్లు.

"ఏంటి సాయిబు గారూ?"

"ఏం లేదు మాస్టారూ. చంటిపిల్లల పరుపంటే... నా మనవరాలు గుర్తొచ్చింది. షార్జాలో ఉంది." ముక్కు చీది, మళ్లీ ఏకారు.

నా కళ్లూ మండాయి. నీళ్లు ధారగా కారుతున్నాయి. తండ్రి మనసంటే ఇదే కాబోలు అనుకున్నాను. ఆ మబ్బులో ఇద్దరం గంటసేపు ఏడ్చాం. ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాం. కూలి తీసుకోనని ఆయన, తీసుకోవాలని నేను, అక్కడా కాస్త ఏడ్చాం. నా జీవితంలో అంత ప్రేమతో తయారైన వస్తువు ఇంకోటి లేదు.

శనివారం పదకొండింటికి పొన్నూరు నుంచి బాడుగ కారు వచ్చింది. మా ఆవిడ దిగింది, చేతుల్లో పాప. చెవీ, మడమా, బొడ్డూ అన్నీ ఒకేచోట! నేను చేతులు చాచేలోపే అత్తగారు దిగి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ముందు లోపలికి నడవండి" అన్నారు. ఆవిడ పుట్టింది, పెరిగింది వరిచేల మధ్య. ఆ ముక్కుకి తెలిసిన పెద్ద ఘాటు ఉడుకుతున్న అన్నం.

తనిఖీ మొదలైంది. టబ్బు పాసు. థర్మామీటరు తన చంకలోనే పెట్టుకుని చూశారు, పాసు. దోమతెర ఫస్టు క్లాసు. ఇక పరుపు. నొక్కి చూసి, "ఎంత మెత్తగా ఉందే!" అన్నారు. నాకు నేల అందలేదు. పాపని దాని మీద పడుకోబెట్టారు.

పాప నన్ను చూసింది. పైకప్పుని చూసింది. ముక్కు కొస మెల్లగా ఎర్రబడింది. తుమ్మింది. పిచ్చుక తుమ్మినంత. వెంటనే ఇంకోటి, దాని వెనకే ఏడుపు. మా ఆవిడ చటుక్కున ఎత్తుకుంది. అత్తగారు ఒంగి పరుపు వాసన చూశారు. తప్పు చేశారు. పదకొండు తుమ్ములు. ఐదో తుమ్ముకి గోడ మీద క్యాలెండరు పడింది.

"అల్లుడు గారూ, ఇది పరుపా, పచ్చడి జాడీనా?"

టిక్కీ సంగతి చెప్పాను. మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ అప్పుడప్పుడు కల్లోకి వస్తుంది. "నాలుగు కొనమన్నాను. అందులో ఒకదానికి తాలింపు పెట్టారు."

పాపకి మొహం కడిగారు, గుడ్డలు మార్చారు, తుమ్ములు ఆగాయి. పరుపుని నేనే పెరట్లోకి మోసుకెళ్లి దిబ్బ మీద పడేశాను. అత్తగారు మాత్రం డ్రైవర్ని పిలిచారు. "బాబూ, భోంచేసి కాసేపు పడుకో. నాలుగింటికి బయల్దేరదాం." తర్వాత నావైపు తిరిగి, హెడ్మిస్ట్రెస్ గొంతుతో, "పాప ఈలోపు ఇక్కడ హాయిగా నిద్రపోయిందా, సరే. లేదంటే ఎండాకాలం పోయాకే" అన్నారు.

మా ఆవిడ వంటింట్లోకి పిలిచి, గుసగుసగా, "నాకు వెళ్లాలని లేదు. ఏదో ఒకటి చేయండి" అంది. అంతవరకు అది నా ఒక్కడి కోరికే అనుకున్నాను.

చేశాను. రెండుసార్లు తలంటుకున్నాను, నా ఒంటికీ ఘాటు అంటిందేమోనని. టబ్బులో పాత చీర పరిచాం. పాప అందులో కాళ్లతో ఈత కొట్టింది. దోమతెరలో పెట్టాం, వలలో పడ్డ చేపలా చూసింది. మా ఆవిడ పాలిచ్చి జోకొట్టింది, ఆవిడే జోగింది గానీ పాప జోగలేదు. నేను భుజాన వేసుకుని వసారాలో తిరుగుతూ, నాకు రాగం తెలిసింది అదొక్కటే కాబట్టి, పదిహేడో ఎక్కం అందుకున్నాను. పాప కళ్లు పెద్దవి చేసుకుని వింది. పదిహేడు తొమ్మిదుల దగ్గర నిజంగానే ఆసక్తి చూపించింది. నా రక్తం! కానీ అది నిద్రపోవలసిన ఘడియలో వచ్చిన ఆసక్తి.

మూడున్నర దాటింది. మధ్యాహ్నం ఊరంతా రెప్పలు వాల్చింది. కల్లాల మీద గాలి నిలబడిపోయింది. మెలకువగా ఉన్నది మేమే.

"ఇలా ఇవ్వండి. కారెక్కేముందు ఒళ్లు తుడుస్తాను" అన్నారు అత్తగారు. చాప మీద గోడకి ఆనుకుని, కాళ్లు బారచాపి, రెండు కాళ్ల మధ్య పల్లంలో పాపని పడుకోబెట్టుకున్నారు. తడిగుడ్డతో అరికాళ్లు తుడుస్తూ, చర్చిలో పాడే పాటేదో పెదాలు కదపకుండా ముక్కుతోనే తీస్తూ, పాదాలు కొద్దికొద్దిగా ఊపారు. పాప ఒకసారి ఆవులించింది. ఎడమ కన్ను వాలింది. కుడిది కాసేపు కాపలా కాసి, అదీ వాలింది.

నేనూ మా ఆవిడా స్తంభాల్లా నిలబడిపోయాం. అత్తగారు పాట ఆపలేదు. పాప నోరు తెరుచుకుంది. గుప్పెట విడిపోయింది. ఐదు వేళ్లు ఆవిడ చీర కుచ్చిళ్ల మీద పరుచుకున్నాయి.

నాలుగింటికి డ్రైవర్ గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, బయల్దేరదా..."

"ష్!" అత్తగారు చూపుడు వేలు ఎత్తారు. స్కూల్లో పావురాలకి చూపించిన వేలే అయ్యుండాలి, అతను గుమ్మం మీద శిలైపోయాడు.

సరిగ్గా అప్పుడే ఆవిడకి తుమ్ము వచ్చింది. ముక్కుపుటాలు అదిరాయి, మొహం కందిపోయింది, కళ్లు నీళ్లతో నిండాయి. పాపవైపు చూశారు. రెండు వేళ్లతో ముక్కు గట్టిగా నొక్కిపట్టి, భుజాలు బిగించి, ఆ తుమ్ముని పూర్తిగా మింగేశారు. కాళ్లు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. ముప్పై ఏళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి వల్ల తప్ప అది ఇంకెవరివల్లా కాదు.

ఊపిరి కుదుటపడ్డాక, పెదాల కదలికే తప్ప శబ్దం లేని గొంతుతో నన్ను పిలిచారు.

"అల్లుడు గారూ... కార్లో నా బట్టల సంచి ఉంది. దింపించండి. తలుపు చప్పుడు కానివ్వకండి."

నేను మునివేళ్ల మీద నడుస్తూ కారు దగ్గరికి వెళ్లాను.