వేపమండల సీను

ఆ నాటకం రాసింది నేనే. కుప్పంలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో కొందరు విద్యార్థులు జట్టు కట్టారు. మనసుకూ జబ్బు చేస్తుందని, దానికీ వైద్యం ఉందని ఊరూరా చెప్పాలన్నది వాళ్ల పట్టుదల. నాటకం రాసిమ్మన్నారు. అందులో, దిగులుతో తిండి మానేసిన అమ్మాయికి గాలి సోకిందని ఇంట్లోవాళ్లు భూతవైద్యుణ్ణి పిలిపిస్తారు. అతడు వేపమండలతో బాదుతూ, "యాడినుంచి వచ్చినావే? సంగటి కావాల్నా, బిర్యానీ కావాల్నా?" అని దయ్యాన్ని నిలదీస్తాడు. అమ్మాయి జుట్టు విరబోసుకుని ఊగుతుంది.

మదనపల్లెలో హాలంతా నవ్వింది. పుంగనూరులో ఈలలు వేశారు. మూఢనమ్మకాన్ని నవ్వుతోనే చంపాలని ఏళ్ల తరబడి వేదికలెక్కి వాదించినవాణ్ణి. ఆ ఈలలు నాకు గెలుపులా వినిపించాయి.

మూడోసారి మా కాలేజీలోనే ఆడాం. గుడుపల్లె వైపు పల్లె నుంచి బస్సులో వచ్చే రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె నెలలుగా నిద్రలేదని, బతకాలని లేదని జట్టులోని తన స్నేహితురాలికి చెప్పుకుంది. ఎంతో బతిమాలితే, నాటకం అయ్యాక మాతో డాక్టరు దగ్గరికి వస్తానంది. కారు కూడా మాట్లాడి ఉంచాం.

వేపమండల సీను వచ్చింది. ఆమె బస్సులోనే వచ్చేవాడొకడు వెనక నుంచి అరిచాడు: "రేయ్, అచ్చం మా ఊరి పాప మాదిరే ఊగతాండాది సూడ్రా!"

అందరూ పగలబడి నవ్వారు. మూడో వరసలో ఉన్న ఆమె, మణికట్టుకున్న మంత్రించిన దారం మీదికి చున్నీ లాక్కుని లేచింది. వేదిక పక్కన నేనూ నవ్వుతున్నాను. తలుపు దాటుతూ నన్ను చూసింది.

వారమైనా కాలేజీకి రాలేదు. నేనూ, ఆ స్నేహితురాలూ వాళ్ల ఊరికి వెళ్లాం. తల్లి ఆవు పాలు పిండుతోంది. లేవలేదు.

"ఆ నాటకం రాసింది మీరేనా అప్పా?"

"నేనేనమ్మా."

"మా పాపకు మండలు కొట్టిచ్చింది నేనే. బిడ్డ మెతుకు ముట్టకుంటే ఏం సేసేది? నాకు తెలిసిన దావ అదొకటే. మీకు ఇంకో దావ తెలిసుంటే వచ్చి సెప్పల్ల గానీ, నవ్వేది యాల?"

డాక్టరు సంగతి చెప్పి, నేనే తీసుకెళ్తానన్నాను.

"దాన్నే అడగప్పా."

మూసిన తలుపు వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "నాకు పిచ్చని మా ఊర్లోనే అనుకుంటాండ్రి సార్. ఇప్పుడు కాలేజంతా అంటాండారు. నేను యాడికీ రాను."

భూతవైద్యుడు మోసగాడని నేను ఈరోజుకీ అంటాను. కానీ ఆ రోజు నవ్వు వాడి మీద పడలేదు. వాడి చేత దెబ్బలు తిన్న పిల్ల మీద పడింది. అలా పడేటట్టు రాసింది నేను. విద్యార్థులు నన్ను అడక్కుండానే ఆ సీను తీసేశారు. ఇప్పుడు ఆ నాటకానికి నవ్వేవాళ్లు లేరు.

స్నేహితురాలు ప్రతి ఆదివారం ఆ ఊరికి వెళ్లొస్తుంది. సోమవారం నేను స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి అడుగుతాను.

"తలుపు తీసింది సార్," అంది మొన్న. "డాక్టరు మాట మాత్రం ఎత్తనీలేదు."