ఆర్పని పొయ్యి

అమెరికాలోని ఎడిసన్ స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తూ పేపర్ చదువుతున్నాను. తుర్క్‌మెనిస్తాన్ గ్యాస్ కోసం రష్యా, చైనా, అమెరికా పడుతున్న పోటీ గురించి పెద్ద వ్యాసం, పక్కన పైపులైన్ల మ్యాపు. పూల రుమాలు తలకు కట్టుకున్న ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని ఉంది. ఆ మ్యాపు మీద వేలు పెట్టి, "మా ఊరు ఇక్కడే" అంది.

కూతురి దగ్గర కొన్నాళ్లుండి, ఆ రోజే తిరిగి వెళ్తోందట. వచ్చీరాని ఇంగ్లీషులో నింపాదిగా చెప్పింది. "మాకు గ్యాస్ ఫ్రీ. అగ్గిపెట్టె మాత్రం కొనాలి. అందుకే పొయ్యి ఆర్పం. ఇక్కడా టీ పెట్టుకుని స్టవ్ అలాగే వదిలేశాను. మా అమ్మాయి మళ్లీ నన్ను వంటింట్లోకి రానివ్వలేదు."

"మీ గ్యాస్ వీళ్లలో ఎవరికి అమ్మితే మంచిదంటారు?" అని పేపర్ చూపించాను.

"అగ్గిపెట్టెలు ఎవరు ఎక్కువిస్తే వాళ్లకి" అంటూ హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. దాన్నిండా అగ్గిపెట్టెలే. చుట్టాలకట.

"అయ్యో, ఇన్ని ఫ్లైట్‌లో ఎలౌ చేయరండీ" అన్నాను.

నా మాట నమ్మక, "మా అమ్మాయిని అడుగుతాను" అంది. ఈలోగా టికెట్లతో వచ్చిన కూతురు కూడా అదే మాట చెప్పింది. ఆవిడ ఒక్కొక్క పెట్టే తీసి నా ఒళ్లో పెట్టి, "పొదుపుగా వాడుకో" అంది.

మా స్టవ్‌కి అగ్గిపుల్లతో పనిలేదు, నాబ్ తిప్పితే చాలు. దేవుడి దగ్గర దీపం మాత్రం వాటితోనే వెలిగిస్తున్నాను. ఎప్పుడైనా రెండో పుల్ల గీయాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది.