నా చేతి వాతలు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకు వందనాలు. ఈ సంఘంలో నిలబడి నోరు తెరవడానికి నేను తగినదాన్ని కాను, ఎందుకంటే మీలో కొందరు నన్ను ఎరుగుదురు, ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల పల్లెల్లో నన్ను వాతల ఎంకమ్మ అనేవారు. మనుషుల్ని కాల్చడమే నా పని!

మా అత్త నాకు ఎర్రగా కాల్చి వాత పెట్టే ఇనుప చువ్వనూ, దాంతోపాటు రోగాల పేర్లనూ అప్పగించి పోయింది. మూతి వంకర పోతే లఖ్వా, దానికి చెవి వెనుక వాత. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోతే పచ్చవాతం, దానికి భుజం మీద. నడుము కింద చచ్చుబడితే నడుంవాతం, దానికి వెన్ను మీద. పసిపిల్లకు జ్వరం వచ్చి కాలు వేలాడిపోతే పిల్లవాతం, దానికి మడమ పైన మూడు. పేరు చెప్పగలిగితే రోగం నా చేతిలో ఉన్నట్టేనని నా పొగరు. మూతి వంకర చాలామందికి దానంతటదే సర్దుకుంటుందని నాకేం తెలుసు, అదంతా నా చువ్వ మహిమ అనుకున్నాను, కాళ్ళు రాని పిల్లల తల్లులకేమో మీరు వచ్చిన ఘడియ మంచిది కాదని చెప్పి పంపించాను. వాళ్ళు నమ్మారు, దేవా, నా మాట నమ్మి నాకే దండం పెట్టి పోయారు!

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులు అవి, కిరసనాయిలు కూడా దొరకని కాలం. మా సత్తెమ్మకు ఆరేళ్ళు, లేకలేక పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ. మూడు రోజులు జ్వరంతో పడుకుని, నాలుగో రోజు పొద్దున మంచం దిగబోయి కింద పడింది. నవ్వుతూ లేపాను, మళ్ళీ పడింది. ఎడమ కాలు పట్టుకుని చూస్తే తడి గుడ్డలా వేలాడుతోంది. పిల్లవాతం! నేను వందసార్లు పలికిన ఆ పేరు ఆ పూట నా గొంతులోంచి రాలేదు.

నా పెనిమిటి అప్పటికే పొయ్యిలో చువ్వ పెట్టాడు. "ఏందే, ఊరందరి పిల్లలకు పెడితివి, మన పిల్లకు పెట్టకుంటే ఎట్లనే? కాలు పోతది!" అన్నాడు. నేను చువ్వ అందుకున్నాను. సహోదరులారా, ఆ బిడ్డ నా గడపలో ఎంతమంది పిల్లల కేకలు విన్నదో! రెండు చేతుల మీద పాక్కుంటూ మంచం కిందికి దూరి, అక్కడినుంచి, "అమ్మా, నేను నడుస్తనే, జర ఆగు, నడిచి చూపిస్త" అని బయటికి పాకి, మంచం కోడు పట్టుకుని లేచింది, లేచి పడింది, నుదురు నేలకు కొట్టుకుని మళ్ళీ లేవబోయింది. ఆ మాటే, అచ్చంగా ఆ మాటే ఎందరో పిల్లలు నాతో అన్నారు, గట్టిగా పట్టుకోండి, కదలనియ్యకండి అని వాళ్ళ తల్లులకు చెప్పినదాన్ని నేనే! నా చేతిలోంచి చువ్వ జారిపోయింది. నా పెనిమిటి దాన్ని తీసుకోబోతుంటే బిడ్డను భుజానేసుకుని బయటికి పరుగెత్తాను.

ఎక్కడికి పోవాలో తెలియక ఘణపూర్‌లో ప్రార్థన ఇంటి ముందు కూలబడ్డాను. బైబిలు చెప్పే మార్తమ్మ కర్ర పోటేసుకుని కుంటుకుంటూ బయటికి వచ్చింది. నా ఏడుపంతా విని, నా పేరు అడిగింది, చెప్పాను. ఆమె చీర కుచ్చెళ్ళు కాస్త పైకి తీసింది. మడమ పైన మూడు వాతలు!

"నాకప్పుడు నాలుగేండ్లక్కా. నీ చెయ్యే పెట్టింది" అంది.

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆమె మాత్రం కర్ర పక్కన పడేసి, నేల మీద కూర్చుని, నా బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. "ప్రభువా, ఈ బిడ్డకు కాలియ్యి. ఈ తల్లిని నేను మాఫ్ చేసిన, నువ్వు గూడ మాఫ్ చెయ్యి" అని ప్రార్థించింది. నా బిడ్డ మీద పడుతున్న ఆమె కన్నీళ్ళు చూసి నేను గట్టిగా ఏడ్చాను.

ఆమే మమ్మల్ని వనపర్తి దవాఖానకు తీసుకుపోయింది. నెలల తరబడి వేడినీళ్ళ గుడ్డలు చుట్టడం, కాలు మెల్లగా వంచడం, చాచడం, పూటపూటకీ మోకాళ్ళ మీద ప్రార్థన. జొన్నలు విత్తే నాటికి బిడ్డ బొటనవేలు కదిలింది, జొన్నలు కోసే నాటికి గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసింది. స్తోత్రం ప్రభువా! అబద్ధం చెప్పను, ఇప్పటికీ ఆ కాలు కాస్త ఈడుస్తుంది, అయినా నడుస్తుంది. ఆ నడక చూశాకే నా పెనిమిటి కూడా నాతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. దేవునికే మహిమ!

సహోదరులారా, ఈ కూటంలో నా వాత పడినవాళ్ళు ఎవరైనా ఉంటే, కూటం ముగిశాక నేను మీ కాళ్ళ మీద పడతాను, క్షమించడం క్షమించకపోవడం మీ ఇష్టం. ఇప్పటికీ కాళ్ళు పడిపోయిన పిల్లల్ని ఎత్తుకుని తల్లులు నా గుమ్మంలోకి వస్తున్నారు. చువ్వ లేదమ్మా, ప్రభువును నమ్మండి, దవాఖానకు పోదాం పదండి అని వాళ్ళ వెంట బయలుదేరుతున్నాను. వాళ్ళు దవాఖానంటే భయపడి నిలబడిపోతే, మా సత్తెమ్మ ఆ పిల్లల ముందు నడిచి చూపిస్తుంది.