బల్బు కింద ఆరిన నెత్తురు

మేమందరం ఆయన్ని గద్దకన్ను అనేవాళ్ళం. చాటుగా కాదు, ముఖం మీదే. ఆయన మురిసిపోయేవాడు. ఇరవై ఆరేళ్ళుగా మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి మలేరియా క్రిమిని వెతుకుతున్న మనిషి. "ఉందని ఎవడైనా చెబుతాడు. లేదని చెప్పడానికే గుండె కావాలి" అనేవాడు. ఆయన లేదని సంతకం పెడితే డాక్టర్లు మళ్ళీ అడిగేవాళ్ళు కాదు. అప్పటికి నేను వేరే ఆసుపత్రి ల్యాబుకు మారినా, పని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఆ వానాకాలం మమ్మల్ని మూడు రోజుల శిక్షణకు పెద్దాసుపత్రికి పిలిచారు. "తెలిసిందే మళ్ళీ నేర్పుతారట. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదేరా" అని బస్సు దిగుతూనే విసుక్కున్నాడు. గత నెలలో మలేరియా లేదని తేల్చిన స్లైడులు తెమ్మన్నారు, డబ్బా చంకన పెట్టుకొచ్చాడు. మనసు మాత్రం ఇంటి దగ్గరే ఉంది. తల్లి పోయాక తానే పెంచిన చెల్లెలు ఆయనింట్లో ఆరో నెల కడుపుతో ఉంది. నాలుగు రోజులుగా జ్వరం. బయల్దేరే ముందు ఆమె నెత్తురు తానే తీసి, తానే చూసి, లేదని సంతకం పెట్టి వచ్చాడు. "వట్టి జ్వరమే, తగ్గిపోతుంది" అని నాతో మూడుసార్లన్నాడు. నేను ఒక్కసారీ అడగలేదు.

రెండోరోజు శిక్షకురాలు అడిగింది: "వానలో స్లైడు త్వరగా ఆరదు కదా, మీరేం చేస్తారు?"

అందరం ఆయనవైపే చూశాం. ఆయన లేచి నిలబడ్డాడు. "బల్బు కింద పెడతాం మేడమ్. రెండు నిమిషాల్లో ఆరిపోతుంది."

ఆ కిటుకు ఆయనదే. అక్కడున్నవాళ్ళలో సగం మందికి ఆయనే నేర్పాడు. "గురువుగారి సొంత సరుకు మేడమ్" అని నేను నవ్వాను కూడా. ఆమె నవ్వలేదు. రెండు మైక్రోస్కోపుల కింద రెండు స్లైడులు పెట్టి ఆయన్ని రమ్మంది.

"ఒకే మనిషి నెత్తురు. ఒకటి గాలికి ఆరింది, ఒకటి బల్బు కింద."

మొదటి దాంట్లో ఎక్కడ చూసినా ఊదారంగు చిన్న ఉంగరాల్లా మలేరియా క్రిములు. రెండో దాంట్లో ఏమీ లేదు. "వేడి తగిలితే స్లైడు మీది మందపు నెత్తురు చుక్క ఉడికినట్టు గట్టిపడుతుంది. రంగు వేసేటప్పుడు ఎర్రకణాలు నీళ్ళలో కరగవు. క్రిమి వాటి చాటునే ఉండిపోతుంది. ఎంత గొప్ప కంటికీ కనపడదు" అందామె.

ఆయన రెండో స్లైడు మీంచి కళ్ళు తీయలేదు. రేకుల మీద వాన కొడుతూనే ఉంది. చివరికి తలెత్తేసరికి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"ఈ ఖాళీ నాకు బాగా తెలుసురా" అన్నాడు నాతో. "మొన్న మా చెల్లెలిదీ ఇలాగే ఉంది."

వరండాలోకి వచ్చి ఆయన ఇంటికి ఫోన్ చేశాం. నేనే ఫోన్ పట్టుకుని స్పీకరు పెట్టాను.

"పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళానండీ" అంది ఆయన భార్య. "మీ కాగితం చూసి, ఆయనే చూశాక ఇంకేముందమ్మా అని డాక్టరుగారు పంపేశారు. ఇప్పుడు వణుకు లేదు. పిలిస్తే ఊ అంటోంది, కళ్ళు తెరవట్లేదు. కాసేపు నిద్రపోనివ్వనా?"

"అది నిద్ర కాదే! ఆటో పిలువు. మళ్ళీ తీసుకెళ్ళు!"

"వట్టి జ్వరమే అన్నారుగా?"

"ముందు బయల్దేరు" అని ఆయన ఫోన్ కట్ చేయించాడు. తన ల్యాబుకు ఫోన్ కలపమన్నాడు. అక్కడ ఆయన కింద పనిచేసే టెక్నీషియనమ్మ ఎత్తింది.

"మా చెల్లెలు వస్తోందమ్మా. మలేరియా కిట్టుతో చూడు."

"కిట్లు అయిపోయి నెలయింది కదా సార్. అయినా పొద్దున మీ ఆవిడగారు కంగారుపడుతుంటే నేనూ స్లైడు చూశాను. ఏమీ లేదు. మీరు చెప్పిందే కరెక్టు."

"ఎలా ఆరబెట్టావు?"

"మీరు నేర్పినట్టే సార్."

ఆయన నేల మీద కూలబడ్డాడు. "ఇంకోసారి తియ్యి. బల్బు జోలికి వెళ్ళకు. గాలికే ఆరనివ్వు."

"ఈ వానలో గంట పడుతుంది సార్."

"పట్టనీ."

వెంటనే మందు మొదలుపెట్టమని డాక్టరునూ బతిమాలాడు. రెండుసార్లు లేదనే వచ్చింది కదా, కొత్త స్లైడు చూశాకే మొదలుపెడదామన్నారు డాక్టరుగారు. మా గద్దకన్ను సంతకం మీద అంత నమ్మకం మరి.

ఆ గంటా ఆయన డబ్బా ఒళ్ళో పెట్టుకుని స్లైడుల మీది నంబర్లు చదువుతూ కూర్చున్నాడు. "ఇది ఇటుక బట్టీ ముసలాయనది. మళ్ళీ రాలేదు. ఇది చంటిబిడ్డ తల్లిది. ఆమె కూడా రాలేదు. రాలేదంటే తగ్గిందనుకున్నాంరా." గదిలో నా డబ్బా కూడా ఉంది. దానివైపు వెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఫోన్ మోగింది.

"సార్... ఉన్నాయి" అంది టెక్నీషియనమ్మ.

"ఎన్ని?" మా పనిలో ఆ ప్రశ్న అలవాటుగా వచ్చేస్తుంది.

"లెక్కపెట్టలేకపోతున్నాను సార్."

ఆమె గొంతు వెనక ఆయన భార్య ఆడపడుచును పిలుస్తోంది. పిలుస్తూనే ఉంది. ఒక్క ఊ కోసం ఇద్దరం ఫోన్‌కు చెవులానించి కూర్చున్నాం. అది వినపడలేదు.