దగ్గు రాని ఏడు

మస్కట్‌లో నువ్వు చేసే పనేమిటని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. వెళ్ళింది చిన్నపిల్లల బడిలో ఆయాగా. తర్వాత ఆసుపత్రిలో, మన వైపు నుంచి వచ్చిన పనివాళ్ళ నొప్పులు డాక్టర్లకి అరబ్బీలో చెప్పే పని. ఆ తర్వాత మసాలాల కంపెనీలో వాసన చూసి, రుచి చూసి, ఏది ఎంత కలపాలో చెప్పే పని. అదే నిలిచింది. శుక్రవారం సెలవు కాబట్టి కూర్చుని వంటల గురించి తెలుగులో రాసేదాన్ని. చదువుతుంటే తాలింపు వాసన వచ్చిందని ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇంటర్నెట్‌లో రాస్తే రోజంతా గాల్లో తేలేదాన్ని. ఆ ఉద్యోగమూ, ఈ రాతా, రెండూ నా ముక్కు పెట్టిన భిక్షే.

నిరుడు జ్వరం వచ్చి ఆ ముక్కు పోయింది. వాసనా తెలియదు, ఘాటూ తెలియదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాత్రం నేనూ చెప్పగలను. ఏడుద్దామనుకున్నాను గానీ ఏడుపు కూడా రాలేదు. లోపల అంతా మొద్దుబారినట్టుంది. కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. పక్క బల్ల దగ్గర అమ్మాయి మొహం చూసి, ఆమె బాగుందంటే నేనూ బాగుందనేదాన్ని. చెబితే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు వీసా పోతుంది. వంటల మీద రాయడం మాత్రం మానేశాను. అక్కడ చూడటానికి పక్కవాళ్ళ మొహం ఉండదు కదా.

మన వైపు వెళ్ళి కొత్త మిరప పంట చూసి రమ్మని కంపెనీ ఈ ఏడు నన్నే పంపింది. వద్దనలేదు, ఒక ఆశతో. సత్తెనపల్లి దగ్గర మా పిన్ని మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరుతుంది. తెల్లబారిన కాయల్ని ఎర్రకాయల్లోంచి విడదీసే పని. ఎప్పుడు సెలవుకి వచ్చినా ఆ కల్లంలో అడుగు పెట్టగానే నాకు ఊపిరాడని దగ్గు వచ్చేది. ఆడవాళ్ళంతా పని ఆపి నవ్వేవాళ్ళు. దగ్గినవాళ్ళు బయటివాళ్ళని అక్కడి లెక్క. పిన్ని తడిగుడ్డ ఇచ్చి, "దొరసాని వచ్చిందే, జరగండి" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఈసారి ఆ దగ్గు కోసమే వచ్చాను. అది వస్తే మిగతావన్నీ తిరిగొస్తాయనుకున్నాను.

ఎర్రగా ఆరబోసిన కాయల మధ్యకి నడిచాను. పిన్ని తడిగుడ్డ పట్టుకుని సిద్ధంగా ఉంది. ఒక కాయ తుంచి, ముక్కుకి ఆనించి, గట్టిగా పీల్చాను. గింజలు పెదవికి తగిలాయి, అంతే. ఇంకోటి తుంచాను. కాగితం వాసన చూసినట్టే ఉంది.

"దగ్గలేదేందే!" అంది పక్కనున్న ఆవిడ.

"ఇన్నాళ్ళకి మన మనిషి అయింది" అని పిన్ని సంబరపడిపోయింది. తడిగుడ్డ విదిలించి తన తలకే చుట్టుకుని మళ్ళీ ఏరడానికి కూర్చుంది.

ఆ సంబరం చూశాక దాచలేకపోయాను. పక్కకి వంగి మెల్లగా చెప్పాను. "పిన్నీ, నాకు వాసన తెలియట్లేదు. జ్వరంతో పోయింది. ఘాటు కూడా తగలట్లేదు."

పిన్ని చేతులు ఆగలేదు.

"మాకు మాత్రం తెలుసుద్దా ఏందే? నాకు పోయి ఎన్నేళ్ళయిందో. కూర మాడితే మీ బాబాయి అరవాల్సిందే."

పక్కావిడ తలూపింది. "నాకూ అంతే. పెళ్ళయిన కొత్తలో మల్లెపూలు తెలిసేయి."

నా చేతిలో ఇంకా తుంచిన కాయ ఉంది. నాకు పోయిందని డాక్టరు దగ్గరికి వెళ్ళాను, సముద్రం దాటి వచ్చాను. వీళ్ళకి పోయిన సంగతి ఇన్ని సెలవుల్లో ఒక్కసారి కూడా నేను అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు. దగ్గకపోవడం గొప్ప అనుకుని నవ్వుకున్నారు. సిగ్గేసింది. జ్వరం తర్వాత నా లోపలికి తగిలిన మొదటి సంగతి అదే.

"కూచో" అంటూ పిన్ని గోనెసంచి మీద చోటిచ్చింది. "రంగు చూసి ఏరు. ముక్కుతో పనేం లేదు."

కూర్చుని తెల్లకాయలు ఏరాను.