మేకుకు వేలాడిన అట్ట

ఆమె నోట్లో నాలుక లేని మనిషి. అలాంటిది పొద్దున్నే ఆరున్నరకి, పనులకు వెళ్లేవాళ్లందరినీ కూర్చోబెట్టి ప్రోగ్రామింగ్ పాఠం చెబుతోందంటే సొంత అక్కే నమ్మలేదు. చదువు పదో తరగతితో ఆగిపోయాక ఆమె ఎనిమిదేళ్లు బావ టైలరింగ్ షాపులో కాజాలు కుట్టింది. అక్కడ మూలనపడ్డ పాత కంప్యూటర్ మీదే తంటాలు పడి ఈ విద్య నేర్చుకుంది. ఆ ఎనిమిదేళ్ల సంగతి మాత్రం తను పాఠం చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరికీ చెప్పలేదు. కాజాలు కుట్టే మనిషి మాకు పాఠాలు చెప్పడమేమిటని నవ్వుతారని భయం.

అందుకే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేది.

"కారు అనేది క్లాస్ అనుకోండి. మీ ఎర్ర కారు ఒక ఆబ్జెక్ట్..."

"మాకు కారెక్కడిది టీచరమ్మా! ఉన్నది బస్సు. అదీ నాది కాదు" అన్నాడు పాఠానికి వచ్చే బస్సు కండక్టర్. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది గానీ చెవులు వేడెక్కాయి.

తొమ్మిదిమందితో మొదలైన బ్యాచ్ మూడు వారాలకి ఐదుగురైంది. "ఇంకొక్కరు తగ్గినా ఈ గదిలో జెరాక్స్ మిషన్ పెట్టేస్తానమ్మా, ఏమీ అనుకోకు" అన్నాడు ఇన్‌స్టిట్యూట్ ఓనర్. ఆ రోజే కండక్టర్ మెట్ల దగ్గర ఆగి, "రేపొక్కరోజు వచ్చి మానేస్తాను. తప్పు మీది కాదు, నా బుర్రకే ఎక్కడం లేదు" అన్నాడు.

ఆమెకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. సాయంత్రం షాపుకి వెళ్లేసరికి అక్క బావని దులిపేస్తోంది.

"ఒక్కాయన పొట్ట కోసం నమూనా అట్టకే ముక్క అతికిస్తారా? దాన్ని పెట్టి కత్తిరించిన పన్నెండు చొక్కాలూ డేరాల్లా వచ్చాయి!"

"తర్వాత పీకేద్దామనుకున్నానే... మర్చిపోయాను."

"ఆయన కొలత ఆయన బట్ట మీద గీసుకోవాలి గానీ, అందరి అట్ట మీదా?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. మేకుకు వేలాడుతున్న ఆ అట్టనే కాసేపు చూసింది.

"బావా, ఇది నాకిస్తావా?"

"తీసుకుపో తల్లీ. ఇది కళ్ల ముందున్నంతసేపూ మీ అక్క నాకు అన్నం పెట్టదు."

మర్నాడు ఆమె అట్టని బోర్డు పక్కన తగిలించింది. "నేను ఎనిమిదేళ్లు టైలరింగ్ షాపులో పనిచేశాను" అంది, బోర్డుకేసి చూస్తూ.

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో నర్సు మాత్రం, "అయ్యో, ముందే చెప్పద్దూ! నా కోటు చేతులు పొడుగయ్యాయి, కాస్త సరిచేసి పెడతారా?" అంది.

"ముందు పాఠం, తర్వాత కోటు" అంది ఆమె. ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. "ఇది చొక్కా కాదు, తొడుక్కోలేం. కానీ చొక్కాకి ఏమేం ఉండాలో ఇందులో ఉంది. ఇదే క్లాస్. దీన్ని పెట్టి కత్తిరించి కుట్టిన ఒక్కో చొక్కా ఒక్కో ఆబ్జెక్ట్. ఎవరి కొలత వాళ్ల చొక్కాకే. ఇప్పుడు మీరు కంప్యూటర్‌లో మూడు చొక్కాలు తయారుచెయ్యండి."

పావుగంటకి కండక్టర్ నిట్టూర్చాడు. ఒక చొక్కాకి నడుము నలభై నాలుగు పెడితే, తెర మీద మూడింటికీ నలభై నాలుగే కనిపిస్తోంది.

"చూశారా, చెప్పానుగా నా బుర్ర సంగతి" అంటూ సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

 ఆమె తప్పెక్కడో చెప్పలేదు. అట్టకి అతికిన ముక్క మీద వేలుపెట్టి బావ కథ చెప్పింది. డేరాల దగ్గరకొచ్చేసరికి అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. కండక్టరూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే తెరకేసి చూసి, ఠక్కున ఆపేశాడు.

"ఆగండాగండి! నేనూ ముక్క అట్టకే అతికించాను కదూ?"

సంచీ కింద పెట్టి ప్రోగ్రామ్‌లో ఒక్క వరస మార్చాడు. ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది, నలభై నాలుగు. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. అతను సంచీ సంగతే మర్చిపోయాడు.

మర్నాడు ఆరున్నరకి ఓనర్ తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టుకున్నాడు. ఆరు! ఇంకోసారి లెక్కపెట్టి వెళ్లిపోయాడు. కండక్టర్ పక్కన కుర్చీలో ఇరుకిరుగ్గా సర్దుకుంటూ ఒక భారీ మనిషి కూర్చున్నాడు.

"మా బస్సు డ్రైవరు టీచరమ్మా. నేర్చుకుంటాట్ట" అన్నాడు కండక్టర్. తర్వాత గొంతు తగ్గించి, "నిన్నటి నలభై నాలుగు ఈయనదే" అన్నాడు.